కొండతోపాటు ఇంటిని కూడ చిత్రింపవలెను

ఆస్ట్రియా దేశమున ఇన్ నదీతీరమున వెలసిన ఇన్స్‌బ్రుక్ నగరమును ఛాయాచిత్రములలో చూచినవారికి ఒక విశేషము తప్పక గోచరించును. నదియొడ్డున వరుసదీరిన రంగురంగుల ఇండ్లు, వాని కిటికీలు, వాలుకప్పులు, ఆ కప్పులమీదుగా తలయెత్తి నిలిచిన నార్డ్‌కెట్టె పర్వతశ్రేణి, ఇవన్నియు ఆ చిత్రములలో ఒకే చట్రమున ఒదిగియుండును. 1500 ప్రాంతమున మాక్సిమిలియన్ ప్రభువుకై నిర్మింపబడి, బంగారుపూతగల 2,657 రాగిపెంకులతో మెరయు సుప్రసిద్ధమైన ముంజూరును చిత్రించువాడు సైతము దాని వెనుకనున్న కొండను విడిచిపెట్టడు. మానవుడు కట్టినదియు ప్రకృతి నిలిపినదియు ఒకదానినొకటి చూచుకొనుచున్నట్లుండుటయే ఆల్ప్స్ నగరముల చిత్రములకు గల ఆకర్షణ.

మన సాలూరు మాట వేరుగనున్నది. వేగావతీ తీరమున, తూర్పుకనుమల పాదమున నున్న ఈ పట్టణమునుండియే జాతీయ రహదారి ఘాటునెక్కి, సుంకి, పొట్టంగిల మీదుగా కోరాపుట్టునకు పోవును. ఆ దారిని పోవువారు లారీల ఊరని పేరుపడిన సాలూరును కారు అద్దములోనుండి ఒకసారి చూచి, ఘాటు మలుపులు వచ్చినపిమ్మటనే ఫోను వెలికిదీయుదురు. లోయ, మంచు, మేఘము, తాము. అంతటితో చిత్రము పూర్తియగును. అరకులోనైనను ఇంతే: బొఱ్ఱా గుహలు, కాఫీతోటలు, తెల్లవారుజామున పరచుకొనిన మబ్బులు చిత్రములకెక్కుచున్నవి గాని, ఆ లోయలో తరతరములుగా కాపురమున్నవారి ఇల్లు ఎట్లుండునో ఆ చిత్రములను వేయింటిని చూచినను తెలియదు. కొండలను నిర్జనముగ చూపుట అసత్యమని నా అభిప్రాయము. ఆ అసత్యమును మనము ప్రతి సెలవుదినమునను పెంచుచున్నాము.

కొండను ఊరితో కలిపి పట్టుట కష్టమని కొందరందురు. కష్టము కొంత కలదు, కాని అది తెలిసికొనదగిన కష్టము. సాలూరునకు కొండలు పడమటి దిక్కున నున్నవి. కనుక ఉదయసూర్యుని కిరణములు సూటిగా వాలులపై బడి, ప్రతి చరియను, ప్రతి పోడుచెక్కను విడివిడిగా చూపును. సాయంకాలమున సూర్యుడు కొండ వెనుకకు దిగగనే కొండ నల్లబడి, ఊరు నీడలో మునుగును. ఇన్స్‌బ్రుక్‌లో పర్వతము ఉత్తరమున నుండుటచే దక్షిణాకాశమున నడచు సూర్యుడు దానిని దినమంతయు వెలిగించును. మనకు ఆ భాగ్యము ప్రొద్దుటిపూట కొన్ని గంటలే. వానలు వెలిసి గాలిలోని దుమ్ము కడుగబడిన కార్తీకమాసపు ఉదయములు ఇందుకు మిక్కిలి అనుకూలములు.

వీధినడుమ నిలిచి ఫోనుతో తీసిన చిత్రములో కండ్లకు అంత పెద్దదిగ తోచిన కొండ చిన్నగుట్టగా మిగిలిపోవుట అందరు ఎరిగినదే. దోషము కొండది కాదు, మనము నిలిచిన చోటుది. ఇంటికి పది గజముల దూరమున నిలిచినప్పుడు ఇల్లు కొండను మ్రింగివేయును. అదే రెండువందల గజముల దూరమునకు జరిగినచో ఇల్లు ఇరువదవ వంతునకు తగ్గును గాని, మైళ్ళ దూరముననున్న కొండ తగ్గినట్లే తోపదు. అప్పుడు దూరమును దగ్గరచేయు జూమ్ లెన్సుతో చూచినయెడల పెంకుటింటి కప్పుపైన కొండ తన నిజమైన గాంభీర్యముతో లేచి నిలుచును. కెమెరాను పైకెత్తక మట్టముగ పట్టవలెను. ఎత్తినచో గోడలు వెనుకకు ఒరిగినట్లగపడును.

ఇక చిత్రింపదగిన ఇండ్లు మనకు లేకపోలేదు. సాలూరు పాతవీధులలో అరుగులు, కొయ్యస్తంభములు, గూనపెంకుల కప్పులు ఇంకను అక్కడక్కడ నిలిచియున్నవి. లారీలకు బాడీలు కట్టు షెడ్లును నా దృష్టిలో ఈ ఊరి వాస్తువులోనివే. కొండమీది పల్లెలకు పోయినచో చూరు బాగుగ క్రిందికి దిగిన మట్టిగోడల ఇండ్లు కనబడును. ఆ చూరు అంత క్రిందికి దిగియుండుటకు కారణము కలదు: వాలుజల్లు తగిలిన మట్టిగోడ కరిగిపోవును గనుక, మనిషి వంగి లోనికి పోవలసివచ్చినను సరే, కప్పు గోడను కాపాడవలెను. ఎర్రమట్టితో అలికిన గోడను ప్రొద్దుటి ఏటవాలు వెలుగులో దగ్గరగ చూచినచో, అలికిన స్త్రీ వ్రేళ్ళ జాడలు అర్ధచంద్రాకారముగ ఒకదానిపైనొకటి పడియుండుట స్పష్టముగ తెలియును. ఆ ఇంటిని కట్టినవారి పేరు ఏ శాసనములోను ఉండదు. ఆ వ్రేళ్ళ గుర్తులే వారి చేవ్రాలు.

ఇట్టి పని చేసి చూపినవాడు ఆల్ప్స్ దేశమువాడే యగుట విశేషము. 1909లో వియన్నాలో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధకాలమున నిజాము రాజ్యమున నుండి, చెంచులను, కొండరెడ్లను, రాజగోండులను గూర్చి 1943, 1945, 1948 సంవత్సరములలో గ్రంథములు ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రముగనున్నవి. వానిలో మనుష్యుడు తన గుడిసెతో, తన పనిముట్టుతో, తన అడవితో కూడియుండును. అట్టి చిత్రములను సాలూరు, పాచిపెంట, మక్కువ మండలముల పల్లెలకు మనవారే సమకూర్చుకొనవలెను.

మట్టి ఇంటివారు మట్టి ఇంటనే ఉండవలెనని నేననుట లేదు. కారని కప్పును కోరుట ప్రతివాని హక్కు. ప్రభుత్వము స్లాబు ఇల్లు మంజూరు చేసిన కుటుంబము పాత గోడను పడగొట్టినచో తప్పుపట్టుటకు పట్టణమున ఫ్యానుక్రింద కూర్చుండి వ్రాయు నావంటివారికి అధికారము లేదు. పడగొట్టుటకు ముందొక చిత్రము తీయుమని మాత్రమే నా విన్నపము. తీయువారు అడిగి తీయవలెను. సవరల ఇండ్లలోని గోడబొమ్మలు అలంకారమునకు వ్రాసినవి కావు, దేవతలకును పితరులకును సమర్పించినవి. ఇంటివారు వలదన్నచో కెమెరా మూసి వచ్చుటయే మర్యాద.

ఈ పల్లెలు చేరిన పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. క్రొత్త జిల్లాకు తన ఇండ్ల చిత్రసంపుటము ఒకటి ఉండుట న్యాయము. పార్వతీపురమునందలి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పూనుకొని, కళాశాల విద్యార్థులకు కెమెరాలిచ్చి, ఊరి పేరు, తీసిన తేదీ, ఇల్లు ఏ దిక్కునకు తిరిగియున్నది, గోడకు ఏ మన్ను, కప్పునకు ఏ కర్ర వాడినది, కట్టినదెవరు అను వివరములతో ప్రతి చిత్రమును భద్రపరచినచో దానికి పెద్ద వ్యయము కాదు. చిత్రముల ప్రతులు జిల్లా గ్రంథాలయమునను పల్లె పాఠశాలలోను ఉండవలెను. అచ్చువేసిన మొదటి ప్రతిని మాత్రము ఆ ఇంటివారి చేతికే ఈయవలెను.