ఇంటికి ఆనించి బండ్ల షెడ్డు వేస్తున్నారా?

ఆరోగ్యం శీర్షికలో ఇంటి కట్టుబడి సంగతి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ముందు ఈ కేసు వినండి.

వాన కురుస్తున్న ఒక రాత్రి, పూండి దగ్గరి పల్లె నుంచి ఒకే ఇంటివాళ్లు ముగ్గురు ఆసుపత్రికి వచ్చారు. ముసలమ్మకు వాంతులు, కోడలికి తలపోటు, పదేళ్ల మనవడికి మగత. "సేపల పులుసు పడనట్టుంది బాబూ, పైత్తెం సేసింది" అన్నది ముసలమ్మ. ఎవరికీ జ్వరం లేదు, విరేచనాలు లేవు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు 98 చూపిస్తోంది. ఆటోలో చల్లగాలికి వచ్చేసరికి పిల్లవాడు కాస్త తేరుకున్నాడు కూడా.

"ఇంట్లో కొత్తగా ఏమైనా చేశారా?" అని అడిగాను.

"ఏటీ సెయ్యలేదు బాబూ. మావోడు బళ్లకి సెడ్డు ఏసినాడు, అంతే."

జబ్బు అక్కడ దొరికింది. కొడుకు మెకానిక్కు. రెండు మోటార్‌సైకిళ్లు పెట్టుకోవటానికీ, పని చేసుకోవటానికీ పడకగది గోడకు ఆనించి షెడ్డు కట్టాడు. పాత కిటికీ ఇప్పుడు షెడ్డులోకి తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం జల్లు కొడుతోందని షట్టరు దించి, బ్యాటరీ చార్జి కావాలని ఒక బండిని ముప్పావుగంట స్టార్టులో వదిలి, తాను వీధి అరుగు మీద కూచున్నాడు. పొగ ఇంట్లోకి చేరింది.

పెట్రోలు పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం హిమోగ్లోబిన్. ఈ విషవాయువు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకూ గుండెకూ ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, వికారం, తల తిరగటం, తరువాత మగత, ఆపైన స్పృహ తప్పటం, మరణం. నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. గర్భిణులకూ, పసిపిల్లలకూ, గుండెజబ్బు ఉన్నవారికీ ప్రమాదం మరీ ఎక్కువ.

కరోనా రోజుల్లో కొన్న వేలి మీటరును చూసి ధైర్యపడకండి. అది రక్తం రంగును బట్టి లెక్క కడుతుంది. ప్రాణవాయువు ఎక్కిన రక్తానికీ, ఈ విషం ఎక్కిన రక్తానికీ తేడా దానికి తెలియదు. అలాగే బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అనుకోవద్దు. అది రోడ్డు మీద తిరగటానికే గాని మూసిన గదిలో నడపటానికి కాదు. కొత్త బండి అయినా, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే ఈ వాయువు ఎక్కువగానే వస్తుంది.

అయినా మనవాళ్లు షెడ్డును డబ్బాలాగా ఎందుకు మూస్తున్నారో నాకు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్లు మించింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ రాత్రి చూసినవారికి గోడలో చిన్న కంత కూడా భయమే. కాని రేకుల్ని నిలబెట్టేవి గట్టి బోల్టులు, గోడలోకి దింపిన ఇనుప పట్టీలు. గాలి దారులు మూసినంత మాత్రాన కప్పు నిలవదు.

షెడ్డు వేసేవారు ఈ సంగతులు మేస్త్రీకి ముందే చెప్పండి.

1. వీలుంటే షెడ్డు ఇంటికి ఎడంగా వేయండి. ఆనించక తప్పకపోతే మధ్య గోడలో కిటికీ, వెంటిలేటరు, వైరు కంత ఏదీ మిగలకూడదు. పాత కిటికీని ఇటుకతో పూడ్పించండి. దారి షెడ్డు బయటి వైపు నుంచే ఉండాలి.

2. ఎదురెదురు గోడలకు సిమెంటు జాలీలు పెట్టించండి, కొన్ని నేలకు జానెడు ఎత్తులో, కొన్ని కప్పు కింద. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. దీపం గాని, స్విచ్చి రవ్వ గాని తగిలితే అంటుకుంటుంది. తుఫాను రోజున జాలీలకు పలకలు బిగించుకోవచ్చు.

3. జాలీలు ఉన్నా సరే, బండిని బయటికి తోసుకువచ్చాకే స్టార్టు చేయండి. తుఫాను తరువాత కరెంటు లేని రోజుల్లో జనరేటరును షెడ్డులోగాని, వరండాలోగాని పెట్టవద్దు. కిటికీలకు కనీసం 20 అడుగుల దూరాన పెరట్లో ఉంచండి.

4. పెట్రోలును మంచినీళ్ల సీసాలో పోయవద్దు. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ముప్పు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

5. సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. మిషనుతో పొడిగా కోస్తే లేచే దుమ్ము పీల్చినవారికి 20, 30 ఏళ్ల తరువాత కూడా ఊపిరితిత్తుల క్యాన్సరు రావచ్చు. ఇనుప రేకులు వేసుకోవటం మేలు.

6. రేకుల కింద ఎండవేళ పనిచేస్తే మాటిమాటికీ నీళ్లు తాగండి. నడుము నొప్పికి దుకాణంలో అడిగి మాత్రలు మింగవద్దు. ఉద్దానంలో ఇంతమందికి మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు గాని, నొప్పి మాత్రలు వాటికి చేటు చేస్తాయన్నది తేలిన మాటే.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి వస్తే తగ్గుతుంటే ఈ విషాన్ని అనుమానించండి. అందరూ బయటికి రండి. లోపల ఎవరైనా పడి ఉంటే, తలుపులు బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి వెంటనే బయటికి లాగండి. వీలు కాకపోతే మీరు లోపల చిక్కుకోవద్దు. 108కు ఫోను చేసి, "ఇంజను పొగ" అని మొదటే చెప్పండి. ఆక్సిజన్ పెడితే ఈ విషం మామూలు గాలిలో కన్నా మూడు నాలుగు రెట్లు త్వరగా దిగుతుంది.

ఆ ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టి, మర్నాడు ఇంటికి పంపాను. మంచాల మీద ఉన్నవాళ్లను చూసి ఆ రాత్రంతా కొడుకు కన్ను మూయలేదు. వారం తిరక్కుండా కిటికీ పూడ్పించి వచ్చి నాకు చెప్పాడు. ఇంకో గంట ఆలస్యమైతే, ఇంట్లోవాళ్లు నిద్రపోయి ఉంటే, నేను ఈ కథ ఇలా ముగించగలిగేవాణ్ణి కాను.