ఆ పాయింట్లు ఎవరివి?



2015 గోదావరి పుష్కరాలకు ముంబై నుంచి వెళ్ళినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. మళ్ళీ 2027లో వస్తున్నాయి. కోణార్క్ ఎక్కి రాజమండ్రిలో దిగుదామని ఇప్పటినుంచే మాటలు నడుస్తున్నాయి. సంతోషం. చందా కట్టేముందు ఒక్క సంగతి తేలాలని మేము కొందరం అనుకుంటున్నాం.

పోయినసారి యాత్రలో అందరి టికెట్లూ ఒకే క్రెడిట్ కార్డు మీద కొన్నాం. పాయింట్లు పడ్డాయి. వాటికి ఒక మిక్సీ వచ్చింది. మిక్సీ ఎవరింట్లో ఉందన్నది మా గొడవ కాదు. ఆ పాయింట్లు మనందరివని ఆరోజు ఒక్కరికీ, మాకు కూడా, తోచలేదు. అదీ మా బాధ.

లెక్క చూడండి. నలభై మంది, మనిషికి రానూపోనూ ఏసీ టికెట్టు 4,000 అనుకుందాం. మొత్తం 1,60,000. రైలు టికెట్ల కోసమే ఇచ్చే కార్డుల్లో వందకు పది రూపాయల దాకా పాయింట్లు ఇచ్చేవి ఉన్నాయి, టికెట్టు కొంటే అక్కడ పాయింటుకు రూపాయి. అందులో సగమే వచ్చినా 8,000. ఇద్దరి ప్రయాణం! అదే పాయింటు సామాన్ల జాబితాలో పావలాకే పోవచ్చు.

'ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?' అంటారు. గిర్నీ మూతపడ్డాక కొడుకు పంచన ఉంటున్న పెద్దాయనకు, పుష్కర స్నానం మాట పైకి అనలేక ఊరుకున్న పెద్దమ్మకు అది చిన్నది కాదు.

'కార్డు ఆయనది, బాధ్యత ఆయనది' అనీ అంటారు. నిజమే. బిల్లు ఒక నెల ఆగితే 3.5 శాతం వడ్డీ లెక్కన 5,600, దానిమీద 18 శాతం జీఎస్టీ 1,008. రెండు నెలలు ఆగితే పాయింట్లన్నీ వడ్డీకే చాలవు. అందుకే ఆ భారం ఆయన మీద పెట్టొద్దంటున్నాం. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. అంతకుముందే చందా మొత్తం ఆయన ఖాతాలో పడాలి. చందా కట్టనివారికి టికెట్టు లేదు.

పాయింట్లు బిల్లు వచ్చాక గానీ పడవు, ఇంకొకరి పేరుకు మారవు అనే అభ్యంతరం కూడా విన్నాం. దానికీ దారి ఉంది. కార్డుదారు వాటిని తన సొంత ప్రయాణానికి వాడుకుని, అంత రొక్కం సంఘానికి కట్టాలి. ఆ నమ్మకం మీద ఇద్దరు పెద్దవాళ్ళ టికెట్లు సంఘం ముందే కొనాలి.

వచ్చే జనరల్ బాడీలో మేము అడిగేది ఇంతే: ఎన్ని పాయింట్లు పడ్డాయో, ఎంత రొక్కం జమ అయిందో మినిట్స్‌లో రాయండి. చందాకు రసీదు ఇస్తున్నాం కదా, పాయింట్లకూ లెక్క ఉండాలి. ఎవరినీ దొంగ అనడం లేదు. లెక్క రాసి ఉంటే రేపు ఎవరూ ఎవరినీ ఆ మాట అనరు.