అవ్వకు మార్కులు వేస్తారట!

తుంటి విరిగిన ముసలామెకు ఆపరేషన్ చేయించాలా వద్దా అని ఇంటివాళ్లు తలలు పట్టుకొని కూర్చుంటే, పట్నంలో మెడిసిన్ చదివే బంధువుల పిల్లవాడు ఫోను తీసి ఏవో నొక్కి, "రిస్కు శానా ఉంది చిన్నాయనా, ఈ వయసులో ఎందుకులే" అనేశాడు. అవ్వ పక్క గదిలోనే ఉంది. విరిగింది తుంటి, చెవులు కాదు.

అంకె చెబితే చాలు, అది శాస్త్రమే అని నమ్మే కాలమొచ్చింది. ఆ ఫోనులోని లెక్క పేరు నాటింగ్‌హామ్ స్కోరు. ఇంగ్లండులోని ఆ ఊరి రోగులను చూసి కట్టినది, 2008లో బయటికొచ్చింది. మొత్తం పది మార్కులు. వయసు 66 నిండితే మూడు, 86 నిండితే నాలుగు. మగవాడైతే ఒకటి, రక్తం తక్కువుంటే ఒకటి. మార్కులు పెరిగేకొద్దీ నెలలోపు పోయే అవకాశం ఎక్కువట. లేచి నడుస్తుందా, తన పని తాను చేసుకుంటుందా అన్నది ఆ లెక్కలో లేదు.

వృద్ధాశ్రమంలో ఉంటే ఇంకొక మార్కు. కర్నూలు జిల్లా పెద్దకడుబూరు పల్లెల్లో ఏ అవ్వ ఆశ్రమంలో ఉందయ్యా? అందరికీ అక్కడ సున్నానే, అంటే ఇంట్లో భద్రంగా ఉన్నట్టు. ఏ ఇంట్లో? వాన మొగం చాటేసిన ఏడు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల కొడుకులూ కోడళ్లూ మూటలు కట్టి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడాలకు కొందరు. చాలామంది ఉగాదికి గానీ తిరిగి రారు. ఇంట్లో మిగిలేది అవ్వా, బడికి పోయే మనవరాలూ. ఆపరేషన్ అయిన అవ్వను పొద్దున్నే లేపి నిలబెట్టేదెవరు? ఆ పసిదా? వీధులకు వీధులే తాళాలు పడే ఊళ్లకు ఆశ్రమం మార్కుతో లెక్క తేలుస్తారా?

మతి పరీక్షలో తప్పితే ఇంకొక మార్కు. 1972లో హాడ్కిన్సన్ అనే వైద్యుడు కుదించిన పది ప్రశ్నలవి. మొదటి ప్రపంచ యుద్ధం ఎప్పుడు, రాజుగారి పేరేమి, పుట్టిన తేదీ ఏది? మన అవ్వ ఏ కరువేడు పుట్టిందో చెబుతుంది గానీ తేదీ ఎక్కడినుంచి తెస్తుంది? ఆధార్ కార్డులో జనవరి ఒకటి వేసింది ఆమె కాదు. చదువురాని వాళ్లకు వేరే పరీక్ష కావాలని హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 1995 నాటికే హిందీలో ఒకటి తయారుచేశారు. ఫోను పిల్లలకు ఆ ఊసే లేదు.

ఇంకో రకం మేధావులు పుత్తూరు నాటుకట్టు చాలంటారు. చేతికి కట్టించుకోండి, ఎవరొద్దన్నారు? తుంటి బంతి మెడ విరిగి పక్కకు జరిగితే ఆ బంతికి రక్తమందే దారే దెబ్బతింటుంది. పైన గుడ్డ చుడితే అతకదు. వారాల తరబడి మంచాన పడుకోబెడితే పడక పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు. కత్తి రిస్కు లెక్కగట్టిన పిల్లవాడు ఈ మంచం రిస్కు ఎందుకు కట్టలేదు?

పదిహేడు దేశాల్లో తుంటి విరిగిన రోగులతో చేసిన హిప్ అటాక్ అధ్యయనం 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు గంటల్లో ఆపరేషన్ చేయాలని చూసినా, మామూలుగా ఒక రోజు ఆగినా చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ తొందరగా చేసినవాళ్లకు మతి చెదరడం తగ్గింది, వాళ్లు ముందుగా లేచి నిలబడ్డారు. ఆ నిలబడటం గురించే నా గోలంతా.

మరి నువ్వేం చేయమంటావు అంటారు. కేసు షీటులో ఇంకో కాగితం పెట్టండి. మరుగుదొడ్డి ఎంత దూరం, కూర్చునేదా గొంతుక్కూర్చునేదా, గడప ఎంత ఎత్తు, రాత్రి పక్కనెవరు, గుడ్డు తింటుందా? ఒకటో తేదీన నాలుగు వేల పింఛను ఇంటికి తెచ్చిచ్చే సచివాలయం మనిషి ఎట్లాగూ వస్తాడు. వాకర్ పట్టి నడుస్తున్నావా అవ్వా అని ఆయనచేత అడిగించవచ్చు. అన్నీ నన్నే చెప్పమంటే ఎట్లా? సుగ్గి నుంచి కోడలిని వెనక్కి పిలిపిస్తే ఆమె పోగొట్టుకునే కూలి ఎవరిస్తారో కూడా ఆ కాగితం మీదే రాయాలి.