పెనుకొండ ప్రాంతంలో విదేశీ ఉద్యోగుల ఆదాయపు పన్ను

శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలలో పనిచేయు విదేశీయులు, ముఖ్యంగా దక్షిణ కొరియా దేశస్థులు, తమ వేతనంపై భారతదేశంలో ఆదాయపు పన్ను చెల్లించవలసి ఉన్నది. ఈ బాధ్యతను నిర్ణయించునది ఉద్యోగి పౌరసత్వం కాదు, అతడు దేశంలో గడిపిన రోజుల సంఖ్య మరియు పని జరిగిన స్థలం.

నేపథ్యం

కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారాన్ని నిర్మించినది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్టులోకి వచ్చినది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ఈ కర్మాగారంతో పాటు విడిభాగాల సంస్థలు, వాటితో కొరియా ఇంజనీర్లు ఈ ప్రాంతానికి వచ్చారు. అప్పుడిది అనంతపురం జిల్లా; 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినది.

నివాస స్థితి

ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గాని అంతకు మించి గాని భారతదేశంలో ఉన్న వ్యక్తి 'నివాసి' అగును. ఆ సంవత్సరంలో 60 రోజులు, అంతకు ముందరి నాలుగేళ్ళలో 365 రోజులు ఉన్నవారు కూడా నివాసులే. గత పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ప్రవాసిగా ఉన్నవారు, లేదా గత ఏడేళ్ళలో 729 రోజులకు మించి ఇక్కడ ఉండనివారు 'సాధారణ నివాసి కాని నివాసులు'.

ఉదాహరణకు, ఒక ఇంజనీరు 2025 అక్టోబరు 10న తొలిసారి ఇక్కడికి వచ్చి, దేశం విడిచిపోకుండా ఉన్నాడనుకుందాం. 2026 మార్చి 31 నాటికి 173 రోజులు. కనుక ఆ ఏడాది అతడు ప్రవాసి. అయినను పెనుకొండలో చేసిన పనికి వచ్చు జీతం, సియోల్ బ్యాంకులో జమ అయినప్పటికీ, ఇక్కడ పన్నుకు లోబడును. 2026-27, 2027-28 సంవత్సరాలలో అతడు సాధారణ నివాసి కాని నివాసి. 2028-29లో మాత్రం పూర్తి నివాసి అగును. అప్పటి నుండి సియోల్‌లోని ఇంటి అద్దె కూడా భారతదేశపు లెక్కలోకి వచ్చును. విదేశీ ఆస్తులను రిటర్నులో చూపవలెను. చాలామంది ఏమరపాటు పడునది ఈ మలుపు వద్దనే.

ద్వంద్వ పన్ను నివారణ

భారత్, కొరియాల మధ్య 2015లో కుదిరిన సవరణ ఒప్పందం భారతదేశంలో 2017 ఏప్రిల్ 1 నుండి వర్తించుచున్నది. ఒకే ఆదాయంపై రెండు దేశాలలో పన్ను పడినచో, ఒకచోట కట్టినదానిని మరొకచోట తగ్గించుకొనవచ్చును. 183 రోజులకు మించని రాకకు మినహాయింపు ఉన్నది గాని, ఆ జీతం భారతీయ సంస్థ భరించినచో అది వర్తించదు. రెండు దేశాలూ నివాసిగా భావించినచో శాశ్వత గృహం, కుటుంబ, ఆర్థిక సంబంధాలను బట్టి నిర్ణయింతురు. భవిష్య నిధి విషయమై 2011 నవంబరు 1 నుండి ప్రత్యేక సామాజిక భద్రతా ఒప్పందం అమలులో ఉన్నది.

యజమాని బాధ్యత

జీతం నుండి పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయుట యజమాని విధి. సంస్థ సమకూర్చిన ఇల్లు కూడా ఆదాయంలో కలియును. ఉద్యోగికి 'చేతికి ఇంత' అని ఒప్పుకొన్న సంస్థ, తాను కట్టు పన్నును సైతం జీతంగానే లెక్కింపవలెను. 1961 నాటి చట్టం స్థానంలో 2025 చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించినారు. అందులో 'మదింపు సంవత్సరం' బదులు 'పన్ను సంవత్సరం' అను మాట వచ్చినది.

స్థానిక ప్రయోజనం

ఈ పన్ను పెనుకొండకే దక్కునని కొందరి భావన. ఆదాయపు పన్ను కేంద్రానికి చేరును. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాలకు 41 శాతం, అందులో ఆంధ్ర ప్రదేశ్‌కు 4.047 శాతం కేటాయించినది. అనగా పంచుకొను ప్రతి 100 రూపాయలలో రాష్ట్రానికి వచ్చునది సుమారు 1 రూపాయి 66 పైసలు. ఈ వాటాకు పన్ను వసూలైన ఊరితో సంబంధం లేదు. రాష్ట్రానికి నేరుగా దక్కు వృత్తి పన్ను రాజ్యాంగం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలకు మించరాదు. కనుక విదేశీ ఉద్యోగుల వలన ఈ పట్టణాలకు కలుగు ప్రయోజనం పన్నులలో కంటే ఇంటి అద్దెలు, దుకాణాలు, ఉపాధి రూపంలోనే ఎక్కువగా కనిపించును.