తల్లిరొయ్య కన్ను

దయ యను మాట మన దేశమున మిక్కిలి చౌకగా దొరకును. ఆవునకు గ్రాసమిడువాడు దయాళువు. చీమలకు చక్కెర చల్లువాడు దయాళువు. కాకికి మెతుకులు వేయువాడును దయాళువే. కాని దయకు పాత్రమగు ప్రాణి యెట్టి బాధ పడుచున్నదో, ఆ బాధ యే యుపాయమున తగ్గునో విచారించువాడు మనలో నరుదు. దయ కనులు మూసికొని చేయదగిన వ్రతము కాదు, కనులు తెఱచి నేర్వదగిన విద్య యని మా నమ్మకము. ఈ నమ్మకమును పరీక్షించుటకై మిక్కిలి చిన్న ప్రాణిని, మిక్కిలి దగ్గఱి తావును ఎంచుకొంటిమి.

అనకాపల్లి జిల్లాకు దక్షిణపు కొనను, తాండవనది గట్టున పాయకరావుపేట యున్నది. నది దాటిన తుని పట్టణము. పాండురంగస్వామి దర్శనమునకు వచ్చువారును, పెద్దరోడ్డున కలకత్తాకో చెన్నపట్టణమునకో పోవువారును ఈ యూరి నెఱుగుదురు. కాని యూరు విడిచి పెంటకోటవైపు సముద్రతీరమునకు పోయినవారికి వేఱొక లోకము కనబడును. ఇసుక నేలపై పొడవైన షెడ్లు, వాని లోపల సిమెంటు తొట్లు, సముద్రజలమును తోడు గొట్టములు. ఇవి రొయ్యపిల్లలను పుట్టించు హేచరీలు. ఇట్టివి మన కోస్తాతీరము పొడవున ననేకము గలవు.

మన రైతులు మొదట టైగరు రొయ్యను పెంచిరి. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు వచ్చి చెఱువులను తుడిచిపెట్టగా ఎన్నియో కుటుంబములు అప్పుల పాలయ్యెను. 2009లో ప్రభుత్వము వనామీ యను పరదేశపు రొయ్యను పెంచుట కనుమతించెను. తెగుళ్లు లేని తల్లిరొయ్యలు విమానములలో వచ్చి, చెన్నపట్టణమున కొన్ని దినములు పరీక్షలో నుండి, పిమ్మట తీరపు హేచరీలకు చేరును. ఒక్కొక్క తల్లి యొక్కొక్క తూరి లక్షకు పైగా గ్రుడ్లు పెట్టును. ఆ పిల్లలే సీడు. ఆ సీడే గోదావరి, కృష్ణా మండలముల చెఱువులకు ప్రాణము. ఇంతవఱకు మాకు నిందింపదగిన దేమియు లేదు. కష్టపడి సంపాదించువారిని నిందించుట సంస్కారము కాదు.

కాని తొట్టిలో నుంచిన తల్లి తొందరగా గ్రుడ్డు పెట్టదు. రొయ్యకు కన్ను ముఖమున పొదిగియుండదు, ఒక కాడ చివర నుండును. ఆ కంటికాడలోని గ్రంథి యొకటి అండాశయము పండకుండ నాపు రసమును స్రవించును. 1943లో పనూజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కంటికాడ తీసివేసిన రొయ్యలలో అండములు త్వరగా పండుట కనిపెట్టెను. ఆ పిమ్మట మూడు దశాబ్దములకు ఈ సంగతి వ్యాపారులకు పనికివచ్చెను. తల్లిరొయ్యను చేతబట్టి యొక కంటికాడను కత్తిరించుటయో, నలిపి పిండుటయో, కాల్చుటయో, దారముతో బిగించి రాలిపోవునట్లు చేయుటయో జరుగును. కొన్ని దినములకే ఆ తల్లి యీనుటకు సిద్ధమగును. లోకమునందలి రొయ్యల హేచరీలలో చాలవఱకు నిది నిత్యకృత్యము; మన దేశపు హేచరీలకు నిది క్రొత్త కాదు.

ఇచ్చట నొక పెద్దమనిషి నవ్వి, "రొయ్యకు బాధయా! అది పురుగువంటిది గదా!" యనును. ఈ నవ్వునకు మేము కోపముతో గాక పరీక్షలతో బదులు చెప్పుదుము. 1964లో రూత్ హారిసన్ అను నాంగ్లవనిత, యంత్రములవలె పెంచబడుచున్న కోళ్లను, దూడలను గూర్చి గ్రంథము వ్రాసి బ్రిటనును కలచివైచెను. మఱుసటి యేడు బ్రాంబెల్ సంఘము నివేదిక నొసగెను. నాటినుండి పశుక్షేమ మను శాస్త్రమే బయలుదేరెను. ఆ శాస్త్రమునకు మూలసూత్ర మొక్కటి: ప్రాణి సుఖమును గూర్చి మనము తలచినది ప్రమాణము కాదు, ప్రాణినే యడుగవలెను. ఏది కోరునో, దేనిని మానుటకై యెంత నష్టమున కోర్చునో చూడవలెను.

బెల్ఫాస్టు నగరమున ఎల్వుడ్ అను పండితు డిట్లే యడిగెను. పరుల గవ్వలలో కాపురముండు పీతలు కొన్ని గలవు. 2009లో వెలువడిన పరీక్షలో వానికి గవ్వలోపల స్వల్ప విద్యుత్తు తగిలించిరి. తమకు నచ్చని గవ్వలో నున్న పీతలు బయటికి వచ్చివైచెను. ఇష్టమైన గవ్వలో నున్నవి యంత సులువుగా రాలేదు. వట్టి నరముల కదలికయే యైనచో, ఇల్లు మంచిదో చెడ్డదో విచారింపనేల? అంతకు ముందేడు, 2008లో, రొయ్యజాతి యొకదాని మీసమునకు ఆమ్లము పూయగా నది ఆ మీసమునే మాటిమాటికి తుడుచుకొనెను. మొద్దుబాఱు మందు పూసినప్పు డా తుడుచుకొనుట తగ్గెను. వనామీ సంగతియు నట్లే. కంటికాడ తీయునప్పుడు మందు పూసిన తల్లులు తక్కువ కలతపడి, మేతకు మేలుగా వచ్చినవని 2004లో ప్రకటింపబడిన పరీక్ష చెప్పుచున్నది.

ఎదిరిపక్షమువారి సాక్ష్యమును దాచుట మా మర్యాద కాదు. 2010లో మఱికొందఱు వేఱు మూడు జాతులపై ఆమ్లపరీక్ష చేయగా నట్టి తుడుచుకొనుట కనబడలేదు. 2021లో లండనునందలి పండితులు మున్నూటికి పైగా పరిశోధనలను పరిశీలించి, పీతల విషయమున సాక్ష్యము బలమైనదనియు, మన చెఱువురొయ్యల కుటుంబమున నంత లేదనియు చెప్పిరి. అయినను ఈ కొఱత ప్రాణియందు గాక పరిశోధనయందే యుండవచ్చునని యెంచి, ఈ జాతుల నన్నిటిని కాపాడుడనిరి. 2022లో బ్రిటిషు శాసన మట్లే చేసెను. సాక్ష్యము లేకుండుట వేఱు, సాక్ష్యమును వెదకకుండుట వేఱు. సంశయమున్నప్పుడు కత్తెర ఆగవలెనా, ఆడవలెనా? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు శాస్త్రజ్ఞుడే యక్కఱలేదు, గృహిణియైనను చాలును.

"కన్ను తీయనిచో సీడు రాదు, సీడు లేనిచో కూలివాని కడుపు మాడును" అని రెండవ యాక్షేపణ. ఇది మొదటిదానికన్న గౌరవింపదగినది. స్కాట్లండులోని స్టిర్లింగు విశ్వవిద్యాలయమువారి పరిశోధనలు దీనికి బదులిచ్చుచున్నవి. కన్ను తీయని తల్లులు గ్రుడ్లు పెట్టుట కొంత అరుదు, నిజమే. కావున తల్లుల నెక్కువగా నుంచవలెను. కాని వాని పిల్లలు నాణెమున తీసిపోలేదు. అంతేకాదు, తెగులు సోకించి చూడగా, కన్ను గల తల్లుల పిల్లలే తట్టుకొను శక్తి హెచ్చుగా చూపెను. తెల్లమచ్చ తెగులునకు సైతము! ఆ తెగులుచేత కాపురములు చెడిన కోస్తారైతునకు ఈ మాటకంటె తీపి మాట యేమున్నది? బ్రిటనులో పెద్ద యంగళ్లు కొన్ని కన్ను తీయని తల్లుల సంతతినే కొందుమని ప్రకటించినవి. పరులు కొనుట మానిన పిమ్మట మేల్కాంచుటకంటె ముందే మేల్కాంచుట వివేకము.

ఇక శాసనము. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో 1953లో బిల్లు తెచ్చి పోరాడగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. అందు "జంతువు" అనగా మనుష్యుడు తప్ప ప్రాణముగల ప్రతి జీవియు. రొయ్య తప్పించుకొని పోవుటకు ఆ నిర్వచనమున సందు లేదు. అంగవైకల్యము చేయుట ఆ చట్టమున నేరము. పశువుల కొమ్ములు తీయుట, వృషణములు తీయుట, వాతవేయుట, ముకుత్రాడు వేయుట నియమానుసారముగ మినహాయింపబడెను. ఆ వరుసలో రొయ్యకన్ను లేదు. చట్టమున నున్న ప్రాణి మన మనస్సున లేకపోవుటయే మన దోషము.

మే మేమి కోరుచున్నాము? హేచరీలను మూయుమని కాదు. హేచరీలను నమోదు చేయు తీరప్రాంత జలచరవ్యవసాయ సంస్థ ఈ పద్ధతికి గడువు పెట్టవలెను. గడువు తీరువఱకు మొద్దుబాఱు మందు లేనిదే కత్తెర ముట్టరాదు. చెన్నపట్టణమునందలి ఉప్పునీటి జలచర పరిశోధనాలయమును, విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును మన తీరపు తొట్లలోనే పరీక్షలు జరిపి, ఎంత నష్టమో యెంత లాభమో తెలుగున ప్రకటింపవలెను. అధికముగా వలయు తల్లుల వెలను చిన్న హేచరీవాడే మోయరాదు. రొయ్యను కొను విదేశీయుడును, దానిని పంపి లాభపడు వర్తకుడును పంచుకొనవలెను.

రొయ్య తినని యింటివారు "మాకేమి?" యనరాదు. తినకుండుట మీ నియమము. తెలిసికొనుట మీ విధి. తినువారు "ఎట్లును చచ్చునదే" యని తప్పించుకొనరాదు. చచ్చునది గనుక బ్రతికినన్నాళ్లు హింసింపవచ్చునను న్యాయము మనకే వర్తించినచో మన గతి యేమి? అంగడిలో సీడు కొను రైతును, రొయ్యలు కొను గృహిణియు ఒక్క ప్రశ్న యడుగుడు: "దీని తల్లికి రెండు కన్నులున్నవా?" ఆ ప్రశ్న పది యిండ్ల నుండి వచ్చిన వర్తకుడు నవ్వును, వేయి యిండ్ల నుండి వచ్చిన లెక్కవేయును. ఆచార మెంత ప్రాతదైనను, అడుగువా రున్నంతవఱకే మాఱును. మొదట నడుగువారు పాయకరావుపేట వారే యగుదురు గాక!