అక్షరం కలిస్తే గౌరవించినట్టా?

"మామయ్యగారి పేరు సత్యనారాయణ కదండీ, అందుకే బాబుకి 'స' వచ్చేలా సాత్విక్ అని పెట్టుకున్నాం." బారసాలల్లో ఈ మాట ఇప్పుడు తరచూ వింటున్నాం. పెద్దాయన పేరూ నిలబడింది, పిల్లాడికి కొత్త పేరూ దొరికిందని బంధువులు తృప్తి పడతారు. ఈ సర్దుబాటు నాకు సమ్మతం కాదు. సాత్విక్ మంచి పేరే. కానీ అందులో సత్యనారాయణగారు ఎక్కడా లేరు. 'స' ఆయన ఒక్కరి సొత్తు కాదు. పెద్దలను తలుచుకోవాలంటే వాళ్ల పేరు పూర్తిగా పెట్టాలి, ఆ పేరుతోనే బిడ్డను పిలవాలి. అలా ఇష్టం లేకపోతే నచ్చిన పేరు పెట్టుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉంది. ఆ పేరు పెద్దల జ్ఞాపకార్థమని చెప్పుకునే హక్కు మాత్రం లేదు.

ఇంకో సర్దుబాటు కూడా ఉంది. తాత పేరు రికార్డుల్లో, ముద్దు పేరు ఇంట్లో. వెంకట, సత్య, సూర్య అంటూ రెండు వైపుల పెద్దలనూ బిడ్డ పేరు ముందు వరసగా చేర్చి, చివర కొత్త పేరు తగిలిస్తారు. ఆ పిల్లలు పెద్దయి అమెరికా వెళ్తే అక్కడి కాగితాల్లో మొదటి మాటే పేరవుతుంది. ఆఫీసులో అందరూ 'వెంకట' అని పిలుస్తుంటే, అది ఏ తాత పేరో ఆ యువకుడికే తెలియదు. వాడకంలో లేని పేరు ఎవరినీ గుర్తు చేయదు.

పాత రోజుల్లో మాత్రం పిలిచారా అని అడగవచ్చు. మామగారి పేరు కోడలు పలకకూడదు కాబట్టి, ఆ పేరున్న కొడుకును నాయనా అనో, పెద్దబ్బాయీ అనో పిలిచిన తల్లులు ఉన్నారు. నిజమే. అయితే ఆ మౌనానికి కారణం ఆ పేరు మీద ఉన్న భయభక్తులు. ఇవాళ ఆ అడ్డు లేదు. ఇవాళ్టి అడ్డు నామోషీ.

మనవడికి తాత పేరు పెట్టడం మన నేలలో ఎంత పాతదో శాసనాలు చెబుతాయి. నాగార్జునకొండ దగ్గర విజయపురి నుంచి పాలించిన ఇక్ష్వాకుల్లో శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు మళ్లీ ఎహువల శాంతమూలుడు. కాకతీయుల్లో మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు. పేరు ఒక తరం దాటి తిరిగి వచ్చింది, అదీ పూర్తిగా వచ్చింది. అక్షరాన్ని మిగిల్చి పేరును వదిలేయలేదు.

ఆ సంప్రదాయంలో ఒక పెద్ద అన్యాయం ఉంది. దాన్ని కూడా మోసుకురావాలని నేను అనడం లేదు. మొదటి హక్కు నాన్న తరఫుది, అందులోనూ మగవాళ్లది. అమ్మ తరఫు వాళ్లు రెండో బిడ్డ దాకా ఆగాలి. ఆ రెండో బిడ్డ పుట్టకపోతే ఆ మాటే ఎత్తకూడదు. ఆడపిల్ల పుడితే చాలా ఇళ్లల్లో పెద్దల ఊసే రాదు. నానమ్మ, అమ్మమ్మల సంగతి చూడండి. పెళ్లితో ఇంటి పేరు మారింది. కొన్ని ఇళ్లల్లో అసలు పేరే మార్చేశారు. ఆ తర్వాత జీవితమంతా ఫలానావారి కోడలు, ఫలానావాడి అమ్మ. అమ్మమ్మ అసలు పేరేమిటని అడిగితే తడుముకునే మనవలు చాలామంది ఉన్నారు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అంటూ తల్లి గుర్తును పేరు ముందు పెట్టుకున్న రాజులను పాఠాల్లో చదివి గర్వపడే మనం, సొంత అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టడానికి వెనకాడటం ఏం న్యాయం?

'పాత పేరు పెడితే బడిలో ఏడిపిస్తారు' అన్నది అందరూ చెప్పే కారణం. ఏ పేర్లను చూసి ఏడిపిస్తారో గమనించండి. రాముడు, కృష్ణుడు, ఆదిత్యుడు పాతబడరు. పాతబడేవి ఎల్లయ్య, పోలమ్మ, పైడిరాజు, అప్పలనాయుడు, కొమురయ్య, సమ్మయ్య, కోటయ్య, మస్తానమ్మ. ఊరి దేవతలను, సింహాచలం అప్పన్నను, కొమురవెల్లి మల్లన్నను, మేడారం సమ్మక్కను, గుంటూరు మస్తానయ్యను తలుచుకుని పెట్టుకున్న పేర్లు. వాటిని వింటే కులం, ఊరు, పేదరికం తెలిసిపోతాయన్నదే అసలు భయం. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరను ఎదిరించిన మనిషి పేరు డిగ్రీ పట్టాల మీదికి చేరింది. అదే పేరున్న నానమ్మ ఇంట్లో పుట్టిన పాపకు మాత్రం ఆ పేరు పనికిరాదా? లోపం పేరులో లేదు, నవ్వేవాళ్ల చూపులో ఉంది. దిద్దాల్సింది ఆ చూపును. ఆ పని బడిలో ఉపాధ్యాయులు, ఇంట్లో మనం చేయాలి.

'నక్షత్రానికి ఆ అక్షరం రాలేదు' అన్నది మరో సాకు. 27 నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. వాటిలో ఙ, ణ కూడా ఉన్నాయి. వాటితో పేరు పెట్టలేరు. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అనే వెసులుబాటు సంప్రదాయంలోనే ఉంది. నక్షత్రం ఏ తాతనూ అడ్డుకోదు.

'బిడ్డకు తనదైన గుర్తింపు ఉండాలి' అనే వాదన వీటికన్నా బలమైనది. కానీ గుర్తింపు పేరుతో రాదు, బతుకుతో వస్తుంది. నందమూరి తారక రామారావు పేరు పెట్టుకున్న మనవడు తాత ఏలిన రంగంలోనే తన అభిమానులను తాను సంపాదించుకున్నాడు. ఎవరికీ లేని పేరంటూ ఒకే జాబితాల్లోంచి ఏరుకున్న విహాన్‌లు, రేయాంశ్‌లే తరగతి గదుల్లో ఒకరి పక్కన ఒకరు కూర్చుంటున్నారు.

ప్రతి పెద్దవారి పేరూ నిలబెట్టాల్సిందేనని నేను అనను. ఇంటిల్లిపాదినీ ఏడిపించిన తాత పేరు పెట్టనక్కర్లేదు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లిదండ్రులు, ఈసారైనా దక్కాలని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు మళ్లీ పెట్టకపోయినా, దాని వెనకున్న తల్లి దుఃఖాన్ని మనవలకు చెప్పాలి. అదీ గౌరవమే. ఎవరి పేరు అన్నది ఎవరి తరఫు అనే పంతంతో తేలకూడదు, ఆ మనిషి ఎలా బతికారో చూసి తేలాలి.

తొందరపడాల్సిన పనీ లేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి కానీ, పేరు లేకుండా కూడా నమోదు చేయించవచ్చు. 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. పేర్ల జాబితాలు తెరిచే ముందు బిడ్డ తాతలు, నానమ్మ, అమ్మమ్మ నలుగురి పేర్లూ, వాళ్ల తల్లిదండ్రులు ఎనిమిది మంది పేర్లూ కాగితం మీద రాయండి. తెలియనివి ఉంటే, ఇంట్లో పెద్దలు బతికుండగానే అడిగి తెలుసుకోండి. వాళ్లలో ఒకరి బతుకు మీ బిడ్డకు చెప్పదగ్గదనిపిస్తే ఆ పేరు పూర్తిగా పెట్టండి, నోరారా పిలవండి. అనిపించకపోతే వేరే పేరు పెట్టి, మాకు నచ్చింది పెట్టుకున్నామని నిజాయితీగా చెప్పండి. ఒక్క అక్షరంతో పెద్దల రుణం తీరిందనుకోవడం మాత్రం మానుకుందాం.