చెప్పుకునే నోరు, వినే దర్బారు

పరిచయాలు పెంచుకోండి, మీ గొప్ప మీరే చాటుకోండి, ఇంటర్న్‌షిప్ దానంతటదే వస్తుందని మన పిల్లలకు హితబోధ సాగుతున్నది. ఎవరితో పరిచయమని మేము అడుగుతున్నాం. తండ్రి ఆటో నడిపే ఇంట తొలిసారి ఇంజినీరింగ్ చదివిన బిడ్డకు హైటెక్ సిటీలో చేయి పట్టి తీసుకెళ్లే మేనమామ ఉండడు.

వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యాలయాలలోను, ప్రభుత్వోద్యోగాలలోను 4 శాతం రిజర్వేషన్‌ను 2007 నాటి చట్టం కల్పించింది. ప్రైవేటు కంపెనీ గడప దగ్గర ఆ చట్టం ఆగిపోతుంది. అక్కడ ప్రకటనే లేని ఖాళీని లోపలివారి సిఫారసు నింపుతుంది.

తన అర్హతను నిజాయితీగా చెప్పుకోవడం తప్పు కాదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తన నేర్పును, నమ్మకాన్ని స్వయంగా తెలిపి ధాన్యాగారాల బాధ్యత కోరారు. అయితే వినే రాజు ఆయన ఎదుట ఉన్నాడు. మన పిల్లల ఎదుట మూసిన తలుపు ఉంది.

ప్రతి ఇంటర్న్‌షిప్ ఖాళీని బహిరంగంగా ప్రకటించాలి. భృతి చెల్లించాలి. ఎంపికకు కారణం చెప్పాలి. ఇప్పటికే లోపల కొలువులున్న మన సోదర సోదరీమణులు వారానికొక గంట ఈ పిల్లలకు కేటాయించాలి. ఇది దయ కాదు, వారిపై ఉన్న హక్కు.